అయిదో ఏడాది రొయ్య ధర ఎంత?

భీమవరం వైపు రొయ్యల చెరువుకు ఒక ప్రాజెక్టు రిపోర్టు రాశారనుకుందాం. కిలోకు వంద రొయ్యలు తూగే వంద కౌంటు ధర మొదటి ఏడాది ఎంతో అయిదో ఏడాదీ అంతే వేశారు. మేత, కూలి ఖర్చులూ నేటివే. వడ్డీ మాత్రం బ్యాంకు వడ్డీ. ఆ వడ్డీలో రాబోయే ద్రవ్యోల్బణం అంచనా ముందే కలిసి ఉంటుంది. రాబడిలో లేనిది వడ్డీలో ఉంటే లెక్క తప్పుతుంది. లాభసాటి చెరువు కూడా నష్టంగా కనిపించవచ్చు.

అలాగైతే ధరా, ఖర్చులూ ఏటా ఒకే శాతం పెంచేస్తే సరిపోదా? సరిపోదు. కోనసీమే అందుకు సాక్ష్యం. 2011 ఖరీఫ్‌లో అక్కడి వరి రైతులు పంట విరామం ప్రకటించారు. మద్దతు ధర పెరగక కాదు. ముఖ్యంగా అది కూలి, ఎరువుల ఖర్చు పెరిగినంతగా పెరగక. రొయ్యకైతే ఆ కేంద్ర మద్దతు ధర కూడా లేదు. దాని ధర అమెరికా, చైనా కొనుగోళ్లను బట్టి ఊగుతుంది. మేత, కరెంటు, కూలి మాత్రం ఇక్కడి లెక్కనే పెరుగుతాయి. అందుకే అమ్మకం ధరకు ఒక పెరుగుదల రేటు, మేతకు ఒకటి, కూలికి ఒకటి వేయాలి. మళ్లీ చెబుతున్నా, దేనికది విడిగా వేయాలి.

రేపటి ధర ఎవరికి తెలుసు అంటారా? నిజమే, తెలియదు. కానీ ధర మార్చకుండా ఉంచడమూ అంచనాయే. అసలు పెరగదన్న అంచనా! కాబట్టి లెక్క రెండుసార్లు వేయండి. మొదటిసారి దేని రేటు దానికి వేసి చూడండి. రెండోసారి అమ్మకం ధర కదలకుండా ఉంచి, ఖర్చులు మాత్రం పెంచండి. అప్పుడూ బ్యాంకు వాయిదా కట్టగలిగితే చెరువు తవ్వించండి.