అలెగ్జాండ్రియా పోయేవారికి నాలుగు మాటలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మా బ్యాచ్‌లో పది మంది వచ్చే ఏడు జంటలుగా ఈజిప్టు పోదామనుకుంటున్నారు. నేను ఉద్యోగం పని మీద మూడుసార్లు అలెగ్జాండ్రియా వెళ్లొచ్చాను కాబట్టి "నువ్వే చెప్పు" అని మైకు చేతికిచ్చారు. నేను ఇంజనీర్ని, ఉపన్యాసం రాదు. పనికొచ్చే సంగతులే చెప్తాను.

మొదట కాగితాలు. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలైనా ఉండాలి. వీసా తీసుకునే బయలుదేరాలి. నిబంధనలు మారుతుంటాయి. టికెట్ కొనేముందు ఢిల్లీలోని ఈజిప్టు రాయబార కార్యాలయం ఏం చెప్తుందో చూడండి. ఏజెంటు మాట నమ్ముకోకండి.

చాలామంది గల్ఫ్‌లో విమానం మారి పోతారు. "దుబాయిల మావోనికియ్యి" అని ఊళ్లో ఎవరైనా పొట్లం ఇస్తే విప్పి చూడకుండా తీసుకోకండి. అందులో గసగసాలుంటే యూఏఈలో నేరం. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలతో ఈజిప్టులోనూ చిక్కులొస్తాయి. మీ మందులు డాక్టర్ చీటీతో, కొన్న డబ్బాలోనే ఉంచుకోండి.

కైరో రామ్సెస్ స్టేషన్ నుంచి అలెగ్జాండ్రియాకు రైలు రెండున్నర, మూడు గంటలు. ముందు సీదీ గాబెర్ వస్తుంది, ఆఖరుది మిస్ర్ స్టేషన్. హోటల్ దేనికి దగ్గరో ముందే అడగండి. నేను మొదటిసారి తప్పు స్టేషన్‌లో దిగి పెట్టె ఈడ్చుకుంటూ తిరిగాను. అక్టోబర్, నవంబర్ నెలలు హాయిగా ఉంటాయి. అక్కడ వానలు పడేది చలికాలంలో. ఎండాకాలం సముద్రపు ఒడ్డంతా జనమే.

దుకాణాల్లో ధరలు అరబ్బీ అంకెల్లో ఉంటాయి. మన సున్నాలా గుండ్రంగా ఉన్నది ఐదు. చుక్క ఉంటే సున్నా. మన ఏడులా కనిపించేది ఆరు. రాత్రి కూర్చొని ఈ పది అంకెలు నేర్చుకుంటే డబ్బు మిగులుతుంది. మాటలకు భయం లేదు. దుకాణం, హిసాబు, సబ్బు, కితాబు, బక్షీస్ అన్నీ మనకు తెలిసినవే. టాక్సీ ఎక్కకముందే కిరాయి ఖాయం చేసుకోండి.

శాకాహారులు కొషరీ అడగండి. అన్నం, పప్పులు, మాకరోనీ కలిపి, టమాటా పులుసు, వేయించిన ఉల్లిగడ్డ వేసిస్తారు. ఆకుకూరే కదా అని ములుఖియా తినకండి, తరచుగా మాంసం రసంలో వండుతారు. కర్కదే అనే ఎర్ర షర్బత్ తాగండి. అది మన పుంటికూర జాతి కాయల మీది ఎర్ర రెక్కలతో చేసేదే.

పోలీసుల, సైనికుల, వంతెనల ఫొటోలు తీయకండి. నేను వంతెన కట్టిన తీరు బాగుందని ఫోన్ ఎత్తాను. అరగంట నిలబెట్టి, ఫొటో తుడిపించి వదిలారు.

చూడాల్సినవి రెండు చెప్తాను. ఒకటి 15వ శతాబ్దపు ఖైత్‌బే కోట. ప్రపంచ వింతల్లో లెక్కించిన దీపస్తంభం భూకంపాలకు కూలిన చోటే దాన్ని కట్టారు. రెండోది 2002లో తెరిచిన కొత్త గ్రంథాలయం. గోడ నిండా ప్రపంచ లిపుల అక్షరాలు చెక్కారు. లోపల మెట్లు మెట్లుగా దిగే హాలులో పిల్లలు తల ఎత్తకుండా చదువుకుంటుంటే, మన బడిలో ఒక్క బీరువా గ్రంథాలయం యాదికొచ్చింది.

ఆఖరుగా ఒక సంగతి. మొదటి ప్రయాణంలో, దుబాయ్ విమానంలో నా పక్క సీటులో కోరుట్ల వైపు పిలగాడు కూర్చున్నాడు. "అన్నా, ఇదేమున్నదో జర చదువవా" అని కాగితాలు చేతిలో పెట్టాడు. హెల్పర్ పని అని చెప్పి పంపారట. చేతిలో ఉన్నది విజిట్ వీసా. దాని మీద పనిచేయకూడదని అతనికి నేను చెప్తేనే తెలిసింది, అదీ విమానం గాలిలో ఉండగా. దిగాక అతను ఏమయ్యాడో తెలియదు. ఫోన్ నంబరైనా తీసుకోలేదు. ఆ తప్పు నాదే.

పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. వాళ్లు సౌదీ, యూఏఈ, ఈజిప్టు పక్క దేశమైన లిబియా, ఇట్లా 18 దేశాలకు కొలువుకు పోవాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆ తనిఖీ తప్పించడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా అంటగడతారు. అంటే ఈ బడి ఇచ్చే పదో తరగతి మెమో మార్కుల కాగితం ఒక్కటే కాదు, ప్రయాణంలో మన మొదటి రక్షణ.

అందుకే సంఘానికి నా మనవి. నెలకో ఆదివారం ఈ బడిలోనే ఒక బల్ల వేద్దాం. బీర్పూర్ నుంచి, చుట్టూ ఊళ్ల నుంచి బయటి దేశం పోయే ప్రతి పిల్లవాడి కాగితాలు, విమానం ఎక్కకముందే, మనలో ఒకరు చదివి చెప్దాం. మొదటి ఆదివారం నేను వస్తాను.