‘సహాయపడ్డాను’ అన్న మాట కొట్టేయండి

(నర్సింగు విద్యార్థినుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను హక్కుల గురించి మాట్లాడమన్నారు. నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని కాదు, నర్సుని. అందుకని ఒక ఉత్తరం గురించి చెప్తాను. ఉద్యోగం కోసం నేను రాసుకున్న ఉత్తరం.

గుంటూరులో చదువుకుని, ఎనిమిదేళ్ళు వార్డుల్లో పనిచేసి, పరీక్షలు రాసి అమెరికా వెళ్ళాను. టెక్సాస్‌లో ఒక ఆస్పత్రి సర్జికల్ వార్డులో ఆరేళ్ళు చేశాక నర్స్ కేస్ మేనేజర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలనుకున్నాను. ఆ ఉద్యోగం ఏమిటంటే, రోగి ఆస్పత్రిలో చేరిన రోజునుంచే, ఇంటికి వెళ్ళాక ఆమె గతేమిటని ఆలోచించడం. చూసేవాళ్ళున్నారా? మందులు కొనగలదా? మెట్లెక్కగలదా? ఇన్సూరెన్సు దేనికి డబ్బిస్తుంది, దేనికివ్వదు, ఇవ్వనంటే ఎవరితో వాదించాలి? ఇదంతా చూసే నర్సే కేస్ మేనేజర్.

అక్కడ బయోడేటాతో పాటు ఒక పేజీ ఉత్తరం జతచెయ్యాలి. కవర్ లెటర్ అంటారు. నాకు చేతనైన ఉత్తరం ఒక్కటే, బళ్ళో నేర్చుకున్న సెలవు చీటీ. ఇంగ్లీషులో రాసినా పద్ధతి అదే. ‘గౌరవనీయులైన అయ్యగారికి’ అని మొదలుపెట్టి ‘తమ విధేయురాలు’ అని ముగించాను. మధ్యలో ఏం రాశాను? పేరున్న డాక్టర్ల దగ్గర పనిచేశానని, వాళ్ళకి సహాయపడ్డానని, మా ఆయన ఉద్యోగరీత్యా ఊరు మారామని, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కనక ఇక సెలవులు పెట్టనని, ఏ పని ఇచ్చినా చేస్తానని. నాలుగు ఆస్పత్రులకు పంపాను. ఒక్కచోటినుంచీ జవాబు లేదు.

నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సు ఒకావిడ ఆ ఉత్తరం చదివి, “ఇందులో డాక్టర్లున్నారు, మీ ఆయన ఉన్నాడు, పిల్లలున్నారు. నువ్వెక్కడ?” అని అడిగింది. నేనేమీ అనలేకపోయాను. “సరే, మొన్న శుక్రవారం ఏం చేశావో చెప్పు” అంది.

చెప్పాను. షుగరు జబ్బుతో కాలి వేలు తీసేసిన ముసలావిడ. ఒంటరిది. డాక్టరుగారు ఇంటికి పంపమని రాసేశారు. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు, సిరంజి మీది గీతలు కనిపించవు. ఇంటికొచ్చి కట్టుకట్టే నర్సుకి డబ్బివ్వమని ఇన్సూరెన్సు కంపెనీ అంది. నేను పుండు పొడవూ లోతూ కొలిచి, ఆవిడ తనంతట తాను కట్టు ఎందుకు మార్చుకోలేదో రాసి పంపి, సాయంత్రం దాకా ఫోన్లో వాదించి ఒప్పించాను. డాక్టరుగారితో మాట్లాడి సిరంజి బదులు, తిప్పుతుంటే టిక్కుటిక్కుమని వినబడే ఇన్సులిన్ పెన్ను రాయించాను.

“ఇదంతా మామూలే కదా, ఎవరైనా చేస్తారు” అన్నాను.

“ఇదే కేస్ మేనేజర్ పని. నువ్వు ఆ జీతం లేకుండా చేస్తున్నావు” అంది ఆవిడ.

ఇంట్లో మనం చేసే చాకిరీకి లెక్కలేదని మీటింగుల్లో మాట్లాడుకుంటాం. వార్డులో చేసే పనిని మాత్రం మన చేత్తో మనమే చెరిపేసుకుంటున్నాం!

ఆ రాత్రి కొత్త ఉత్తరం రాశాను. మొదటి పేరాలో ఏ ఉద్యోగానికి అడుగుతున్నానో, నా లైసెన్సు, పద్నాలుగేళ్ళ అనుభవం. రెండో పేరాలో ఆ ముసలావిడ సంగతి. పేరు రాయలేదు, ఆవిణ్ణి గుర్తుపట్టగల వివరమేదీ రాయలేదు. రోగి గుట్టు కాపాడటం మన ధర్మం, అక్కడ చట్టం కూడా. మూడో పేరాలో ఆ ఆస్పత్రికి నావల్ల ఏం ఉపయోగమో. ఇంటికి వెళ్ళిన రోగులు ముప్ఫై రోజుల్లోపల మరీ ఎక్కువమంది తిరిగొచ్చి చేరుతుంటే, వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 2012 అక్టోబరు నుంచి ఆస్పత్రికిచ్చే డబ్బులో కోత పెడుతోంది. అంటే మన పనికి ఖరీదుంది. అది రాయడం గొప్పలు చెప్పుకోవడం కాదు. చివర ఫోను నంబరు, సంతకం. ‘సహాయపడ్డాను’ అన్నచోటల్లా ‘చేశాను’, ‘కొలిచాను’, ‘ఒప్పించాను’ అని మార్చాను.

ఇంకో సంగతి. ప్రకటనలో కేస్ మేనేజర్ సర్టిఫికెట్ ‘ఉంటే మంచిది’ అని ఉంది. నేను దాన్ని ‘ఉండాలి’ అని చదువుకుని చాలాకాలం వెనకాడాను. ఆ పనిలో కొంతకాలం చేస్తేగాని ఆ పరీక్షకు కూర్చోనివ్వరు! ప్రకటన జాగ్రత్తగా చదవండి. వాళ్ళు మూయని తలుపు మనం మూసుకోవద్దు.

ఈసారి రెండుచోట్ల పిలిచారు. ఒకచోట ఇవ్వలేదు, రెండోచోట ఇచ్చారు.

భర్త, పిల్లలు, కడుపు - ఇవేవీ ఉత్తరంలో రాయనక్కరలేదు. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం ఆడదని ఉద్యోగం నిరాకరించకూడదంది. 1978లో వచ్చిన సవరణ గర్భిణులకూ ఆ రక్షణ ఇచ్చింది. మన దేశంలో? ఎల్.ఐ.సి. ఉద్యోగంలో చేరే స్త్రీలని నెలసరి తేదీలు, గర్భాల వివరాలు ఫారంలో నింపమనేది. సరిగ్గా నింపలేదని తీసేసిన నీరా మాథుర్ పోరాడితే, 1991లో సుప్రీంకోర్టు అది స్త్రీకి అవమానమని చెప్పి, ఆ గడులు తీసెయ్యమంది. ఆమెని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. అడగడమే తప్పన్నవాటిని మనంతట మనం రాసివ్వడం ఎందుకు?

మీలో అందరూ అమెరికా వెళ్ళరు, వెళ్ళనక్కరలేదు. పల్లెనుంచి వచ్చిన కోడలికి అత్తగారి పుండు కడగడం నేర్పించి పంపేది మీరు. ఆరోగ్యశ్రీ కాగితాలు పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డవాళ్ళకి దారి చూపించేది మీరు. ఏ రిజిస్టర్లోనూ మీ పేరుతో ఎక్కదు. అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకోండి. వారానికొకటి, ఈ పని నేను చేశాను అని రాసుకోండి. రోగి పేరు వద్దు. రేపు దరఖాస్తు రాసేటప్పుడు అందులోంచి తియ్యండి.

‘ఎంతిచ్చినా సరే’ అని మాత్రం ఎక్కడా రాయకండి. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకలు లేని చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకి తగ్గకూడదంది. అది ఎంతమందికి అందుతోందో మీకే తెలుసు. అడిగేవాళ్ళు లేకపోతే కమిటీ మాట కాగితం మీదే ఉంటుంది.

నా పాత ఉత్తరం ఇంకా దాచుకున్నాను. ఎప్పుడైనా నా పని నాకే చిన్నదనిపిస్తే తీసి చదువుకుంటాను. అందులో నేను లేను. మీ ఉత్తరంలో మీరుండాలి.

సెలవు.