నాదమునకు రంగు



ధ్వనిని రంగుల వెలుగుగా మార్చు యంత్రమును విద్యార్థులే నిర్మింపవచ్చును. మైక్రోఫోను నాదకంపనములను విద్యుత్తుగా మార్చును. చిట్టాలోని పద్దులను ఖాతాలవారీగా విడదీయునట్లు, వడపోత వలయములు మంద్ర, మధ్య, తార ధ్వనులను వేరుపఱచును. అవి వరుసగా ఎఱ్ఱ, ఆకుపచ్చ, నీలి దీపములను వెలిగించును. ఏ స్వరమునకు ఏ రంగన్నది మనము చేసికొన్న కట్టుబాటే. కాని చెవి వినని బాలుడు దీనివలన మృదంగపు లయను కన్నులార చూడగలడు. ఇంతకన్న ప్రయోజన మేమి కావలెను?

విశాఖపట్టణమున తండ్రిగారి పుస్తకముల నడుమ పెరిగిన సి.వి. రామన్ పండితుడు 1920లో మృదంగనాదమును గూర్చి ప్రకటించెను. 1928లో చెదరిన వెలుగున క్రొత్త రంగులను కనుగొనెను. మన పెద్దాపురపు పిల్లలకును పుస్తకములు కలవు. ఈ రజతోత్సవ వేళ, వారు చదివినదానిని చేసి చూచుటకు గ్రంథాలయమున నొక బల్లయు, కొన్ని పనిముట్లును సమకూర్పుడని ప్రార్థించుచున్నాను.