1905: పాట గెలిచింది, మరి మాట?

(ఇన్వర్‌కార్గిల్ సామాజిక రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లల భోజనాలయ్యాయని, మీరంతా హీటరు పక్కన చేరి వింటున్నారని అనుకుంటున్నాను.

ఈ పూట వేల్స్ దేశం గురించి నాలుగు మాటలు చెప్తాను. న్యూజీలాండ్‌కి ఈ దక్షిణపు కొసన కూచుని మనకి వేల్స్ గోల ఎందుకంటారా? దానికి కారణం మన ఊళ్ళోనే బూట్లు కుట్టుకు బతికిన ఒకాయన.

ఆయన పేరు బిల్లీ స్టెడ్. మా అబ్బాయిని శనివారం రగ్బీకి తీసుకెళ్ళినప్పుడు, పక్కింటి పెద్దాయన ఆయన గురించి చెప్పారు. 1877లో ఇన్వర్‌కార్గిల్‌లోనే పుట్టాడు. మావోరీ సంతతివాడు. 1905లో న్యూజీలాండ్ రగ్బీ జట్టు ఓడెక్కి బ్రిటన్ వెళ్ళినప్పుడు దానికి వైస్ కెప్టెన్. అక్కడి విశేషాలు రాసి మన 'సౌత్‌లాండ్ టైమ్స్' పత్రికకి పంపేవాడు కూడా. జట్టుకి 'ఆల్ బ్లాక్స్' అన్న పేరు స్థిరపడింది ఆ పర్యటనలోనే.

వెళ్ళినవాళ్ళు స్కాట్లండుని, ఐర్లండుని, ఇంగ్లండుని వరసగా ఓడించారు. ఒక్క ఆట కూడా ఓడకుండా డిసెంబరు 16న కార్డిఫ్‌లో వేల్స్ ముందు నిలబడ్డారు. స్టెడ్ ఆ రోజు ఒంట్లో బాగాలేక ఆడలేదు.

అసలు వేల్స్ అప్పుడు ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. ఇంగ్లండు పక్కన చిన్న దేశం. సొంత ప్రభుత్వం లేదు, రాజధాని లేదు. అంతకు ముందు శతాబ్దంలో కొన్ని బడుల్లో ఇంగ్లీషు కాకుండా వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. కాన్వెంటులో తెలుగు మాట్లాడి దెబ్బలు తిన్నవాళ్ళకి ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. దేశంలో చాలామంది బొగ్గు గనుల మీద బతికేవారు. 1905 జూలైలో వాట్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగి నూరుమందికి పైగా చనిపోయారు.

అదే ఏడాది తలెత్తుకునే సంగతులూ జరిగాయి. అక్టోబరులో కార్డిఫ్‌కి నగర హోదా వచ్చింది. తమకంటూ ఒక జాతీయ గ్రంథాలయం, ఒక జాతీయ మ్యూజియం కావాలన్న చిరకాలపు కోరికకి ప్రభుత్వం ఆ ఏడాదే ఒప్పుకుంది. గ్రంథాలయం అబరిస్ట్‌విత్‌లో, మ్యూజియం కార్డిఫ్‌లో పెట్టాలని నిర్ణయించారు. డిసెంబరులో, వెల్ష్ మాట్లాడుతూ పెరిగిన లాయిడ్ జార్జ్ లండన్‌లో మంత్రి అయ్యాడు. ఇదంతా చదువుతుంటే నాకు మనవాళ్ళే గుర్తొచ్చారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. భాష పేరు మీద జనం ఒకచోట చేరడం ఆ రోజుల్లో మనకీ, వాళ్ళకీ కూడా పెద్ద సంగతే అన్నమాట.

మళ్ళీ ఆటకి వద్దాం. మైదానంలో దాదాపు 47 వేల మంది. మనవాళ్ళు హాకా చేశారు. దానికి జవాబుగా వేల్స్ ఆటగాళ్ళు తమ భాషలో తమ జాతీయ గీతం ఎత్తుకున్నారు. 1856లో పాంటిప్రిద్ అనే ఊళ్ళో ఒక తండ్రీ కొడుకూ కట్టిన పాట అది; మాటలు తండ్రివి, బాణీ కొడుకుది. జనమంతా గొంతు కలిపారు. ఆటకి ముందు జాతీయ గీతం పాడటం అక్కడే మొదలయిందని చెప్తారు. వేల్స్ 3-0తో గెలిచింది. బాబ్ డీన్స్ చేసిన ట్రైని రెఫరీ ఒప్పుకోలేదని మనవాళ్ళు ఇప్పటికీ వాదిస్తూనే ఉంటారు. ఆ పర్యటన మొత్తం 35 ఆటల్లో ఓడింది ఇదొక్కటే.

కథ ఇక్కడ ఆపితే చాలా బాగుంటుంది. కానీ ఆ తర్వాతి లెక్కలు చూడండి. 1901 జనాభా లెక్కల్లో వేల్స్‌లో సగం మందికి వెల్ష్ వచ్చు. 1911లో నూటికి 43 మందికి పైగా. 2021లో నూటికి 18 మంది కూడా లేరు. ఇన్నేళ్ళలో పాట మాత్రం ఒక్కసారీ ఆగలేదు. ఆటకి ముందు ఇప్పటికీ స్టేడియం దద్దరిల్లేలా పాడతారు. వాళ్ళలో చాలామందికి ఇంటి భాష ఇంగ్లీషే. ఎవరో వచ్చి లాక్కుపోయారని పూర్తిగా అనలేం. గనుల్లో పనికి బయటివాళ్ళు వచ్చి చేరారు. ఇంగ్లీషు వస్తేనే పిల్లలు పైకొస్తారని తల్లిదండ్రులూ అనుకున్నారు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఉగాదికి మా పాప తెలుగుతల్లి పాట నేర్చుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే రెండు వారాలు సాధన చేసింది. ఆదివారం ఫోనులో అమ్మమ్మకి వినిపించింది. మా అమ్మ మురిసిపోయి, "అందులో మల్లెపూదండ అన్నావు కదా, అంటే ఏవిటే బంగారూ?" అని అడిగింది. పాప నా వంక చూసింది. "ఐ డోంట్ నో, అమ్మమ్మా" అంది. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "పోనీలేవే తల్లీ, గొంతు బాగుంది" అంది మా అమ్మ.

తప్పు పాపది కాదు. నేను పిల్లలతో రోజంతా ఇంగ్లీషే. తొందరగా తెమలాలంటే ఇంగ్లీషు, కోపమొస్తే ఇంగ్లీషు. తెలుగుని పండగ చీరలాగా బీరువాలో పెట్టాను.

వెల్ష్‌వాళ్ళు మేలుకున్నారు లెండి. 1939లో అబరిస్ట్‌విత్‌లో ఏడుగురు పిల్లలతో మొదటి వెల్ష్ ప్రాథమిక బడి పెట్టారు. ఇవాళ అలాంటి బడులు వందల్లో ఉన్నాయి. 2050కల్లా పది లక్షల మంది వెల్ష్ మాట్లాడాలని అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఇక్కడ మావోరీలు కూడా 1982లో కోహంగ రెయో పేరుతో పసిపిల్లల బడులు మొదలుపెట్టారు. వాళ్ళు ముందు చూసుకున్నది పిల్లలు రోజూ మాట్లాడుకునే చోటు.

మనకి ఇన్వర్‌కార్గిల్‌లో తెలుగు బడి పెట్టేంతమంది లేరు. అందుకని మా ఇంట్లో రాత్రి భోజనం దగ్గర తెలుగే మాట్లాడాలని అనుకున్నాం. మొదటి రోజు మావాడు శనివారం ఆట గురించి చెప్తూ, "బంతి తన్నాను, ఆ తర్వాత... అమ్మా, ట్రైకి తెలుగేవిటి?" అన్నాడు. ట్రై అనే అనరా అన్నాను. నాలుగు వాక్యాలు చెప్పి అలిసిపోయాడు. అయినా నాలుగు చెప్పాడు.

పాపకి మల్లెపూవు ఫొటో చూపించాను. ఇక్కడి చలికి మల్లె మొక్క బతుకుతుందో లేదో తెలీదు గానీ, మాట బతుకుతుంది. వచ్చే ఆదివారం బిల్లీ స్టెడ్ కథ అమ్మమ్మకి తెలుగులో చెప్పమన్నాను. ఎంతవరకు చెప్తుందో చూడాలి. మీ ఇంట్లో ఏ పూట తెలుగు పూటో మీరు కూడా ఆలోచించండి.