ఒక ప్రశ్న వేసి చూడండి
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆదిలాబాద్ జిల్లాలో ఒక బాలికల వసతి గృహం వార్డెన్‌ని. "థ్రెడ్స్‌లో మన పేజీ ఉంది మేడమ్. ఏం పెడితే జనం మాట్లాడతారో పిల్లలకు చెప్పండి" అని సంఘం వాళ్లు అడిగారు. ఫోన్ సంగతులు నాకంటే మీకే బాగా తెలుసు. నాకు తెలిసింది తరగతి గది. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న వేస్తే తరగతి నిద్రపోతుంది. ఇదీ అంతే.

2023లో వచ్చిన థ్రెడ్స్‌లో మాటదే పెత్తనం. పోస్టుకు 500 అక్షరాలు. మనమేమో ఆగస్టు 9న ఫోటో పెట్టి శుభాకాంక్షలు అంటాం. చూసినవాళ్లు "జై సేవా" అని రాసి వెళ్లిపోతారు. అక్కడితో మాట తెగిపోతుంది.

ఒక రాత్రి భోజనాల దగ్గర, "మీ ఇంట్లో నీళ్లను ఏమంటారు?" అని పిల్లల్ని అడిగాను. గోండు పిల్లలు "యేర్" అన్నారు. కొలాం పిల్ల "ఈర్" అంది. "తెలుగులో ఏరు అంటే వాగు కదా మేడమ్, ఇవన్నీ చుట్టాలా?" అని ఇంకో పిల్ల. అన్నం చల్లారిపోయింది గానీ మాట ఆగలేదు. పోస్టు అంటే అలా ఉండాలి.

నాలుగు రకాలు చెప్తాను, రాసుకోండి.

ఒకటి, వారానికో మాట. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాతృభాషగా చెప్పినవాళ్లు దాదాపు 30 లక్షలు. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలోనూ ఉన్నారు. వాళ్ల మాట, మన మాట ఒకేలా ఉండవు. "మీ దగ్గర దీన్ని ఏమంటారు?" అని అడగండి.

రెండు, తాత చెప్పిన మాట. దండారి రోజుల్లో గుస్సాడీ వేసినవాళ్లు స్నానం ఎందుకు చేయరు? ముందు మీ తాతను అడిగి ఆయన చెప్పింది రాయండి. తర్వాత "మీ ఊళ్లో ఏం చెప్తారు?" అనండి.

మూడు, లిపి. గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. "మీ పేరు పంపండి, మన లిపిలో రాసి పెడతాం" అనండి. తన పేరు చూసుకోవాలని ఎవరికి ఉండదు?

నాలుగు, వంట. "ఇప్పపువ్వుతో మీ అవ్వ ఏం చేసేది?" అని అడగండి. సారా ఒక్కటే చెప్తే ఒప్పుకోకండి!

ఒక పోస్టులో ఒకే ప్రశ్న. వచ్చిన ప్రతి జవాబుకూ బదులివ్వండి, ఆ బదులులో ఇంకో చిన్న ప్రశ్న పెట్టండి. పోస్టు పెట్టి ఫోన్ పక్కన పడేస్తే, చుట్టాన్ని పిలిచి తలుపు వేసుకున్నట్టే. తిట్టేవాళ్లతో మాత్రం వాదన వద్దు.

కొన్ని పెట్టకూడదు. పెర్సాపేన్ పూజ గానీ, కేస్లాపూర్ నాగోబా మహాపూజ గానీ కటోడాను, పెద్దల్ని అడగకుండా పెట్టకండి. ఆడపిల్లల ఫోటోలు వాళ్లు ఒప్పుకోకుండా అసలే వద్దు.

చివరగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిల్లలకు తెలుగు త్వరగా రావాలని హాస్టల్లో గోండీ మాట్లాడనిచ్చేదాన్ని కాదు. నేనూ గోండు బిడ్డనే. ఒక పిల్ల సెలవులకు ఇంటికెళ్లి వచ్చి, "అవ్వతో మాట్లాడదామంటే మాటలు రాలేదు మేడమ్" అంది. ఆ మాట ఈ రోజుకీ గుచ్చుకుంటుంది. మర్నాటి నుంచి ఆ కట్టుబాటు తీసేశాను. కానీ పోయిన ఆ ఏళ్లను ఆ పిల్లకు తిరిగి ఇవ్వలేను.

అందుకే ఎన్ని లైకులు వచ్చాయని నేను అడగను. ఎన్ని మాటలు తిరిగొచ్చాయని అడుగుతాను. ఈ రాత్రి ఇంటికెళ్లి, మీకు తెలియని ఒక్క మాట అవ్వను అడగండి. రేపు పొద్దున అదే మీ మొదటి పోస్టు.

జై జంగో, జై లింగో. జై సేవా.