పరీక్ష పెట్టేవారి చదువు

భాషాసాహిత్యాల సభలో మెదడు శాస్త్రం ఊసెందుకని కొందరికి అనిపించవచ్చు. ఖరగ్‌పూర్‌లోని ఈ ఖరిదాలో కాకపోతే ఈ మాట ఇంకెక్కడ ఎత్తాలి? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనులకు వచ్చిన మనవాళ్ల మనవలూ మునిమనవలూ ఇంట్లో తెలుగు, గోల్‌బజారులో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ మాట్లాడుతూ పెరిగిన చోటిది.

2013లో నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం ‘న్యూరాలజీ’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రికి వచ్చిన 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల్లో 391 మందికి ఒకటికి మించి భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారికన్నా వీరిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివారిలోనూ ఆ తేడా ఉంది కాబట్టి ఇది చదువు మహిమ అని తోసేయలేం. మూడో భాషతో అదనపు లాభమేమీ కనబడలేదని కూడా అందులోనే ఉంది, మనం మరీ మురిసిపోనక్కర్లేదు. అంతకుముందు టొరంటోలో ఇలాంటి ఫలితమే వస్తే, అక్కడి ద్విభాషుల్లో చాలామంది వలసవచ్చినవారు కదా, ఇది భాష గుణమా వలస గుణమా అన్న పేచీ మిగిలింది. హైదరాబాదు ద్విభాషులు వలసవచ్చినవారు కారు కాబట్టి అక్కడ ఆ పేచీ లేదు. ఖరిదాలో వలసా ఉంది, తరాల కాపురమూ ఉంది. ఈ ముడి విప్పాలనుకునే పీహెచ్‌డీ విద్యార్థికి ఇంతకన్నా మంచి ఊరేది?

అయితే ఆ విద్యార్థికి మనం ఏం నేర్పి పంపుతున్నాం? డిమెన్షియా పరీక్షలో భాగంగా రిటైరైన ఫిట్టరు ఒకాయన్ని, ‘తాతగారూ, ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పండి’ అని అడిగారనుకోండి. ఆవు, మేక, కుక్క, ఛాగల్, పిల్లి, బిల్లీ అంటూ సాగుతుంది జాబితా. తెలుగు రాని పరీక్షకుడు మేకకో మార్కు, మేకకే బెంగాలీ పేరైన ఛాగల్‌కో మార్కు వేస్తాడు. మూడు భాషలూ వచ్చినా ఈ ఊరి మాటతీరు ఎరగనివాడు, చెప్పిందే మళ్లీ చెబుతున్నాడని జబ్బు ఖాతాలో రాస్తాడు. భాష మార్చడం ఆయనకు పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటా, ఈ మధ్య అదుపు తప్పిందా అన్నది ఇంట్లో కోడలినడిగితే గానీ తేలదు.

తరగతిలో ఎలుకను నీళ్లతొట్టిలో వదిలి, జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం హిప్పోకాంపస్ గురించి నేర్పుతున్నాం, మంచిదే. కానీ 1953లో శస్త్రచికిత్సతో కొత్త జ్ఞాపకాలు నిలవకుండా పోయిన హెచ్.ఎం. అనే రోగి దగ్గర మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ ఓపిగ్గా కూర్చోబట్టే, గుర్తులేని పనిలోనూ చెయ్యి ఆరితేరగలదని లోకానికి తెలిసింది. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడంలో ఆయన రోజురోజుకూ మెరుగుపడ్డాడు, ముందురోజు గీసిన సంగతి మాత్రం గుర్తుండేది కాదు. ఆ కూర్చోవడం సిలబస్‌లో ఎన్ని గంటలు?

బెంగళూరు నిమ్‌హాన్స్ వారు 2004లో తెచ్చిన పరీక్షల సంపుటి వయసునూ చదువునూ లెక్కలోకి తీసుకుంది. దాని మేలు తక్కువ కాదు. ఇక పరీక్ష పెట్టేవారి చదువు సంగతి. యూజీసీ 2022 నిబంధనలతో ఎంఫిల్‌కు తెరపడింది, క్లినికల్ సైకాలజీకి కొంత గడువు మాత్రం దక్కింది. ఎంఫిల్ స్థానంలోకి వచ్చే కోర్సుల్లో, రోగి ఏ పదాన్ని ఏ భాషలో పలికితే దాన్ని ఆ భాషలోనే రాసుకోవడం ప్రాక్టికల్‌గా పెట్టాలని నా పట్టు.

జబ్బును కొలవాలంటే ముందు ఆరోగ్యవంతుల కొలత కావాలి. అందుకే, ముందు వరుసలోని పెద్దలారా, ఎవరైనా విద్యార్థి వచ్చి జంతువుల పేర్లు చెప్పమంటే విసుక్కోకండి. మీకు అలవాటైన మూడు భాషల్లోనూ కలగలిపే చెప్పండి.