పాత టేప్ రికార్డరు, అయిదు బెజ్జాల సాకెట్
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పెనుకొండలో పాత రేడియోలు, మైకుసెట్లు, టేప్ రికార్డర్లు బాగుచేయడం నా వృత్తి. మన బడి బీరువాలో దొరికిన టేప్ రికార్డరు గురించి, నాలుగు టేపుల గురించి రెండు మాటలు చెప్పమని సంఘం వారు అడిగారు.

వార్షికోత్సవాల్లో పిల్లలు పాడిన పద్యాలు, ఇప్పుడు మన మధ్య లేని తెలుగు మాస్టారి ప్రసంగం వాటిలో ఉన్నాయని పైనున్న చీటీలు చెబుతున్నాయి. వీటికి ఇంకో కాపీ లేదు. మనది శాసనాలను రాతి మీద చెక్కి దాచుకున్న ఊరు. టేపు రాయి కాదు. ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన ఇనుప ఆక్సైడు పొడి, అంతే. ఆ పొడి రాలితే గొంతు పోయినట్టే.

మెషిను తిరుగుతోంది. దాన్ని కంప్యూటరుకు కలపడమే ఇబ్బంది. వెనుక అయిదు బెజ్జాల గుండ్రటి సాకెట్ ఉంది. ఇప్పటి పిన్ను ఏదీ అందులో పట్టదు. "దాన్ని పీకేసి కొత్తది బిగించు" అని ఒకరన్నారు. "పాత ఇనుము కింద అమ్మేయండి" అని ఇంకొకరన్నారు. రెండూ వద్దని నా మనవి.

జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు మీద దీన్ని డిన్ సాకెట్ అంటారు. ఫిలిప్స్, గ్రుండిగ్ వంటి యూరప్ కంపెనీలు తమ టేప్ రికార్డర్లకు దీన్నే పెట్టేవి. ఒకే తీగలో రాకా పోకా రెండూ ఉంటాయి. 1, 4 పిన్నుల గుండా శబ్దం మెషిన్లోకి పోతుంది. 3, 5 పిన్నుల గుండా బయటికొస్తుంది. నడిమిదైన 2 ఎర్త్. అయితే అంకెలు వరుసగా ఉండవు. ఒక కొస నుంచి లెక్కపెడితే 1, 4, 2, 5, 3. కంపెనీని బట్టి తేడాలుంటాయి కాబట్టి సర్క్యూట్ బొమ్మ చూసి, మీటరుతో సరిచూసుకోవాలి.

చాలాసార్లు సాకెట్ చెడిపోదు, కిలుము పడుతుందంతే. కరెంటు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, వదులైన రేకుల్ని సన్నటి సూదితో కాస్త బిగిస్తే మళ్లీ పట్టుకుంటుంది. మెషిను ఒంటికి బెజ్జం వేయనక్కర్లేదు. ఒక కొసన డిన్ ప్లగ్గు, రెండో కొసన ఆర్‌సీఏ పిన్ను ఉన్న తీగ చేసుకుంటే చాలు.

ప్లగ్గులు ఇప్పటికీ దొరుకుతాయి. కీబోర్డు వాద్యాలకు వాడే మిడి తీగకు ఉండేదీ ఈ అయిదు పిన్నుల ప్లగ్గే. కాని తయారుగా అమ్మే మిడి తీగలో సాధారణంగా 2, 4, 5 పిన్నులకే తీగలు అతికి ఉంటాయి. మనకు ముఖ్యమైన 3 ఖాళీ. అందుకే విడి ప్లగ్గు కొని మనమే అతుక్కోవాలి. అతికేటప్పుడు ప్లగ్గును పాత సాకెట్‌లో గుచ్చి ఉంచితే, వేడికి ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు పక్కకు ఒరగవు.

మన పనికి 2, 3, 5 చాలు. లోపలికి పోయే 1, 4 పిన్నులకు ఏమీ కలపను. కంప్యూటరు వైపు మైకు బెజ్జంలో పెట్టకూడదు. అది మైకు ఇచ్చే చిన్న సిగ్నలు కోసం చేసింది, గొంతు పగిలినట్టు వస్తుంది. లైన్ ఇన్‌లోనే పెట్టాలి.

అన్నిటికంటే భయం రికార్డు మీటతో. తీగ ఏదీ కలపకపోయినా, ఆ మీట పడిందంటే పాతది చెరిగిపోతుంది. అందుకే దాన్ని కదలకుండా దారంతో కట్టేశాను. ముందు ఏ విలువా లేని టేపు నడిపి చూస్తాను. మన టేపు నుంచి గోధుమరంగు పొడి రాలడం కనిపిస్తే వెంటనే ఆపేస్తాను.

మీ అందరికీ ఒక విన్నపం. ఇళ్లలో, అటకల మీద పాత టేపులుంటే పారేయకండి. పాత తీగలు, ప్లగ్గులు కూడా కోసి పారేయకండి. మెషిను లేకపోయినా ఫర్వాలేదు, మన సంఘానికి తెచ్చివ్వండి. టేపులో వినిపించే గొంతు ఎవరిదో చెప్పగలిగిన గురువులు, పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. వారు వినగా పేర్లు రాసుకోవాలి. ఆ పని నా సోల్డరింగ్ ఐరన్‌తో అయ్యేది కాదు, మీరందరూ కూర్చోవాలి.